చోటు లేదనే మాట మానేద్దాం

ఈ మధ్య మన సంఘంలో ఎవరిని పలకరించినా ఒకటే మాట: "ఊరి నుంచి అమ్మానాన్నలను పిలుద్దామంటే ఇంట్లో చోటు లేదండీ." ఈ మాట మేమూ ఏళ్ళ తరబడి అన్నాం. వడపళనిలో మాది చిన్న ఫ్లాటు. ఒకరోజు టేపు పట్టుకుని కొలిచాక మాకే సిగ్గేసింది.

పది బై పది గదిలో ఉండేది 100 చదరపు అడుగులు. ఆరడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు ఉన్న డబుల్ కాట్ ఒక్కటే అందులో 39 తినేస్తుంది. పడుకునేది ఏడెనిమిది గంటలు. మిగతా పొద్దంతా దాని చుట్టూ ప్రదక్షిణలు. అద్దె మనది, దర్జా సామానుది!

మన పెద్దలు తెల్లారగానే చాప చుట్టేసేవారు, నవారు మంచం గోడకు ఆనించేవారు, వాడని గిన్నెలు అటకెక్కించేవారు. నవరాత్రులకు ట్రంకు పెట్టెలే బొమ్మల కొలువుకు మెట్లయ్యేవి. అదే తెలివిని ఇవాళ షోరూముల్లో వేలు పోసి కొంటున్నాం. కొన్నా పాతది తీయం, దాని పక్కనే కొత్తది ఇరికిస్తాం. పైగా పార్టికల్ బోర్డు సామాను నీళ్ళు తగిలితే ఉబ్బిపోతుంది. 2015 వరదలు, 2023 మిచౌంగ్ తుపాను చూసిన చెన్నైవాళ్ళకు ఇది వేరే చెప్పాలా?

ఫ్లాటే చిన్నదంటారా? కొనేముందు 'సూపర్ బిల్టప్' లెక్క నమ్మకండి, అందులో మెట్లు, లిఫ్టు కూడా కలిపేస్తారు. 2016 రెరా చట్టం కార్పెట్ ఏరియా అంటే ఏమిటో స్పష్టంగా చెప్పింది. అదే అడగండి, గోడ అలమరలు, అటక ఎక్కడని అడగండి. ఇంట్లో లేని చోటును మడత మంచం పుట్టించలేదు.

పెద్దవాళ్ళు మోకాళ్ళ నొప్పులతో కింద పడుకోలేరు, నిజమే. అందుకే మేము సోఫా అమ్మేసి దివాన్ కాట్ వేశాం. కింద సొరుగుల్లో దుప్పట్లు, పగలు పైన కూర్చుంటాం, రాత్రికి అది అమ్మ పడక. కొత్త గది కట్టలేదు, ఒక్క వస్తువు తీశామంతే.

నవరాత్రుల్లో బొమ్మలకు హాలంతా ఖాళీ చేసే మనకు, కన్నవాళ్ళకు ఆరడుగులు దొరకవా? ఈ ఆదివారం టేపు తీయండి. ఏది బయటికి పోవాలో తేల్చండి. ఆ తర్వాత విజయవాడలో ఉన్న అమ్మకు పినాకిని ఎక్స్‌ప్రెస్ టికెట్ తీయండి.