క్రీడాంగణం నుండి శాసనసభకు

ఎన్నికలు సమీపించగానే రాజకీయ పక్షాలు పేరు ప్రతిష్ఠలు గలవారి ఇండ్లకు దారి వెదకుకొంటాయి. సినిమా నటుడు దొరికితే నటుడు, క్రీడాకారుడు దొరికితే క్రీడాకారుడు. మైదానంలో దేశానికి కీర్తి తెచ్చిన వ్యక్తి, ఆట చాలించిన కొన్నాళ్లకు మెడలో పార్టీ కండువాతో వాకిట నిలిచి ఓటు అడిగినప్పుడు ప్రజల కర్తవ్యమేమిటి? నాడు చప్పట్లు కొట్టిన చేతులే నేడు ఓటు కూడా వేయవలసి ఉన్నదా? కర్నూలు, కడప జిల్లాల వంటి మెట్ట ప్రాంతాలలో, ప్రతి ఓటుకూ నీటితో, జీవికతో ముడి ఉన్నచోట, ఈ ప్రశ్న తేలికగా తోసివేయదగినది కాదు.

దీనికి రెండు సులభమైన సమాధానాలు ప్రచారంలో ఉన్నాయి. ఆటగాడికి రాజకీయమెందుకన్నది ఒకటి. దేశానికి పతకం తెచ్చినవానికి ఓటు వేయకపోవడం కృతఘ్నత అన్నది మరొకటి. నిదానించి చూస్తే రెండూ నిలిచేవి కావు.

మొదటి మాటకు జైపాల్ సింగ్ ముండా జీవితమే సమాధానం. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత హాకీ జట్టుకు ఆయన నాయకుడు. హాకీలో దేశానికి తొలి స్వర్ణ పతకం లభించినది ఆ క్రీడలలోనే. అయితే చివరి పోటీలు రాకముందే ఆయన జట్టును వీడవలసి వచ్చింది. ఆ కీర్తిని చూపి ఆయన మరునాడే ఓట్లు అడగలేదు. ఛోటా నాగపూర్ ఆదివాసుల కష్టసుఖాలు తెలుసుకొని, 1939లో ఆదివాసి మహాసభకు అధ్యక్షుడై, వారి పక్షాన ఊరూరా తిరిగాడు. 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో లేచి నిలబడినప్పుడు ఆయన వెనుక ఉన్నది హాకీ కర్ర కాదు. అడవులలో, గనులలో బ్రతుకుతున్న లక్షల జనుల వేదన. ప్రజాస్వామ్యం ఆదివాసులకు ఎవరో వచ్చి నేర్పవలసిన విద్య కాదనీ, అది వారి జీవనంలోనే ఉన్నదనీ ఆయన ఆనాడు వాదించాడు. ఒలింపిక్స్‌కు, రాజ్యాంగ సభకు మధ్య గడచిన పదునెనిమిది ఏండ్లే ఆయన అర్హతాపత్రం. ఇటువంటివానిని ఆటగాడని తోసివేస్తే నష్టపోయేది ఎవరు?

రెండవ మాటకు సమాధానం కొంత కష్టమైనది. 1975లో కౌలాలంపూర్‌లో జరిగిన ప్రపంచ కప్ సెమీ ఫైనలులో మలేషియా చేతిలో ఓటమి తప్పదనుకొన్న క్షణాన, అదనపు ఆటగాడుగా దిగిన అస్లమ్ షేర్ ఖాన్ కొట్టిన గోలు జట్టును నిలబెట్టింది. భారత్ ఆ కప్పును గెలుచుకొన్నది. ఆ తరువాత ఆయన మధ్యప్రదేశ్‌లోని బేతుల్ నుండి 1984లోను, 1991లోను లోక్‌సభకు ఎన్నికైనాడు. కర్నూలు జిల్లావారికి ఇందులో ఒక సంబంధం కూడా కలదు. 1991 ఉపఎన్నికలో నంద్యాల ఓటర్లు లోక్‌సభకు పంపిన పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్న మంత్రివర్గంలో, ప్రధాని కార్యాలయంలోనే ఆయన సహాయ మంత్రిగా పనిచేశాడు. ఆయన కొట్టిన గోలును నేటికీ కథలుగా చెప్పుకొంటారు. మంత్రిగా ఆయన ఏమి చేశాడో చెప్పగలవారు ఎందరు? ఈ లోపం ఆయనది మాత్రమే కాదు. గోలును గుర్తు పెట్టుకొని పనిని లెక్క చూడని ప్రజలది కూడా.

ఒడిశాలో దిలీప్ తిర్కీ ఉదాహరణ మరొక పాఠం చెబుతున్నది. సుందర్‌గఢ్ జిల్లా పల్లెలో పుట్టి, మూడు ఒలింపిక్స్ ఆడి, భారత జట్టుకు నాయకత్వం వహించిన ఈ ఆదివాసి వీరుడు 2012లో రాజ్యసభకు వెళ్లాడు. 2014లో సొంత గడ్డ అయిన సుందర్‌గఢ్ నుండి లోక్‌సభకు పోటీ చేయగా ఓటర్లు ఆయనను గెలిపించలేదు. అంతమాత్రాన ఆయన గౌరవం తగ్గినదా? తగ్గలేదు. 2022లో ఆయనే హాకీ ఇండియా అధ్యక్షుడైనాడు. ఓటు నిరాకరించడం అవమానించడం కాదని సుందర్‌గఢ్ ప్రజలు నిరూపించారు. పంజాబులో పర్గత్ సింగ్ 2012, 2017, 2022లలో వరుసగా జలంధర్ కంటోన్మెంట్ నుండి శాసనసభకు గెలిచాడు. మధ్యలో పార్టీ కూడా మారాడు. మొదటి గెలుపులో హాకీ వాటా ఎంతైనా ఉండవచ్చును. మూడవసారి కూడా హాకీయే గెలిపించినదని అనుకోవడం ఆ ఓటర్లను చిన్నచూపు చూడడమే.

తెలుగునాట హాకీ వీరుల కంటె క్రికెట్ వీరులు ఈ దారిని ఎక్కువగా తొక్కారు. హైదరాబాదీ అయిన అజహరుద్దీన్ 2009లో దూరాన ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాదు నుండి లోక్‌సభకు గెలిచి, 2023లో సొంత నగరంలోని జూబిలీహిల్స్‌లో ఓడిపోయాడు. అంబటి రాయుడు 2023 డిసెంబరు చివర ఒక పార్టీలో చేరి, పది దినాలు కాకమునుపే దానిని వీడాడు. ఒక జట్టులో స్థానం కోసం ఏండ్ల తరబడి చెమటోడ్చిన క్రీడాకారుడు, ప్రజాసేవకు మాత్రం ఒక్క కండువా చాలునని ఎందుకు అనుకోవాలి? పార్టీలైనా అట్లు ఎందుకు అనుకోనివ్వాలి?

హాకీ నియమావళిలోనే దీనికి తగిన సూత్రమొకటి ఉన్నది. గోలు ముందు పదహారు గజాల వలయం గీసి ఉంటుంది. దాడి చేసే జట్టువారి కర్ర ఆ వలయం లోపల బంతిని తాకి ఉండాలి. వలయం వెలుపల నుండి ఎంత బలంగా కొట్టినా, తిన్నగా వెళ్లి వలలో పడినా, అది గోలు కాదు. ప్రజా జీవితానికి కూడా అటువంటి వలయం ఉన్నది. మైదానంలో సంపాదించిన కీర్తి ఆ వలయం వెలుపలి దెబ్బ వంటిది. అది చూడముచ్చటగా ఉండవచ్చును. లెక్కలోనికి మాత్రం రాదు. లోపలికి వచ్చి, ప్రజల సమస్యను ముట్టిన తరువాతనే లెక్క ప్రారంభమౌతుంది.

రాయలసీమలో ఆ సమస్య ఏదో వెదకనక్కరలేదు. సుంకేసుల వద్ద తుంగభద్ర నుండి బయలుదేరే కర్నూలు–కడప కాలువ నీరు చివరి ఆయకట్టు రైతు పొలానికి చేరునా, చేరదా అన్నది ఇక్కడ తరతరాల ప్రశ్న. రేపు ఒక హాకీ వీరుడు వచ్చి, ప్రతి పట్టణంలోను కృత్రిమ పచ్చిక మైదానం నిర్మిస్తానని వాగ్దానం చేసినాడనుకొందాం. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ తరువాత పెద్ద హాకీ పోటీలు క్రమంగా అటువంటి మైదానాలపైకి మారినమాట నిజమే. అయితే మేలురకం మైదానాన్ని ఆటకు ముందు నీటితో తడపవలసి ఉంటుంది. త్రాగునీటికి బిందెలు వరుస కట్టే వీధిలో నిలబడి ఆ వాగ్దానం చేసేవానిని, ఆ నీరు ఎక్కడినుండి తెస్తావని అడగవద్దా? రాళ్లు తేలిన బడి ఆవరణను చదును చేయించి, పిల్లలకు కర్రలు, బంతులు ఇప్పించి, వారానికి నాలుగు గంటలు ఆట నేర్పే ఉపాధ్యాయుని నియమింపజేయడం అంతకంటె చిన్న వాగ్దానమే. కాని అది నెరవేరదగినది. పూర్వపు చిత్తూరు జిల్లా పల్లె నుండి వెళ్లిన రజని భారత మహిళా జట్టుకు గోల్‌కీపర్ కాగలిగినదంటే, ఈ నేలలో శక్తి లేక కాదు, ఆ శక్తికి చోటు చూపేవారు తక్కువై మాత్రమే.

ఇక్కడ ఉపాధ్యాయుల బాధ్యత పెద్దది. 1989 నుండి పదునెనిమిది ఏండ్లు నిండినవారందరికీ ఓటు హక్కు ఉన్నది. పదవ తరగతి బల్లపై కూర్చున్న విద్యార్థి మూడు నాలుగేండ్లలో ఓటరు కానున్నాడు. అతని గోడమీద క్రీడాకారుని బొమ్మ ఉండవచ్చును, ఉండనీయవలసినదే. ఆ బొమ్మలోని మనిషి ఓటు అడగవచ్చినప్పుడు ఏమి ప్రశ్నించాలో కూడా ఆ విద్యార్థికి తెలిసి ఉండాలి. ఆట ముగిసిన తరువాత ఇన్నేండ్లు ఎవరిమధ్య ఉన్నావు? ఏ సమస్యను అధ్యయనం చేశావు? ఓడిపోతే ఈ ఊరికి మళ్లీ వస్తావా? ఈ మూడు ప్రశ్నలు చాలును.

వీటికి తడబడక బదులు చెప్పగల క్రీడాకారుడు వస్తే, ఏండ్ల తరబడి వేదికలెక్కిన రాజకీయవేత్తకంటె మిన్నగా అతనిని ఆదరించవలసినదే. ఓటమిని సహించడం, నియమానికి తలవంచడం, బంతిని తోటివానికి అందించడం నేర్చినవాడు శాసనసభలో ఉండడం శుభమే. బదులు చెప్పలేనివాడు వస్తే పూలదండ వేసి సాగనంపవచ్చును. ఆ దండ అతని ఆటకు చెల్లవలసిన గౌరవం. ఓటు మాత్రం రాబోయే ఐదేండ్ల పనికి ఇచ్చే బయానా.