పాలు పోసేవాళ్ల డెయిరీ

సరూర్‌నగర్, కొత్తపేట, చైతన్యపురి కొట్ల ముందు తెల్లారకముందే దిగే ట్రేలలో మదర్ డెయిరీ ప్యాకెట్లూ ఉంటాయి. అది ఢిల్లీ కంపెనీ అనుకునేవాళ్లు మన కాలనీల్లో చాలామందే ఉన్నారు. ఆ పాలు మన హయత్‌నగర్ ప్లాంటువి. సంస్థ అసలు పేరు నల్లగొండ–రంగారెడ్డి పాల ఉత్పత్తిదారుల పరస్పర సహాయక సహకార యూనియన్, పొట్టిగా నార్ముల్. దాని యజమానులు పొద్దునా సాయంత్రం క్యాన్ పట్టుకుని పాల కేంద్రానికి నడిచే పాడి రైతులు. ఈమధ్య కొన్నేళ్లుగా ఆ యజమానులే పాల బిల్లుల కోసం తమ సొంత డెయిరీ మీద ధర్నాలకు దిగాల్సి వచ్చింది.

సొంత ఇంటి ముందు యజమాని ఎందుకు బైఠాయించాల్సి వచ్చింది? సహకార రంగం గురించి ఇంతకంటే పెద్ద ప్రశ్న నాకు కనిపించదు.

ఊళ్లో పాల కేంద్రం దగ్గర పాలు కొలుస్తారు, శాంపిల్ తీసి వెన్న శాతం చూస్తారు, లీటర్లూ రేటూ వేసిన చీటీ చేతికిస్తారు. పదిహేను రోజుల చీటీలు కలిపితే ఒక బిల్లు. దాణా బాకీ, పిల్లల ఫీజు, మహిళా సంఘం కిస్తీ అన్నీ దానిమీదే. ఒక బిల్లు ఆగితే ఎలాగో సర్దుకుంటారు. రెండోదీ ఆగితే ప్రైవేటు ఏజెంటు చెప్పిన రేటుకే పోస్తారు. ఇంకా ఆగితే బర్రెను అంగడికి తోలుకుపోతారు. పోయిన బర్రె మళ్లీ కొట్టానికి రావడం అంత తేలిక కాదు.

సొంత డెయిరీ మీదే ధర్నా ఎందుకన్న ప్రశ్నకు జవాబు సహకార సూత్రాల్లో వెతకాలి. 1844లో ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో 28 మంది, వాళ్లలో నేతపనివాళ్లూ ఉన్నారు, సొంతంగా సరుకుల దుకాణం పెట్టుకుని రాసుకున్న నియమాలే నేటి సహకార సూత్రాలకు మూలం. 1995లో అంతర్జాతీయ సహకార కూటమి మాంచెస్టర్‌లో వాటిని ఏడు సూత్రాలుగా ఖరారు చేసింది. సరిగ్గా ఆ ఏడాదే ఉమ్మడి రాష్ట్రంలో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది. ఆ చట్టం కింది సంఘాల్లో సర్కారు వాటాధనం ఉండదు, ఎన్నికలు సభ్యులే పెట్టుకుంటారు. దేశంలో అలాంటి చట్టం మనదే మొదటిది. దాని వెనక హైదరాబాద్‌లోని సహవికాస సంస్థ పట్టుదల ఉంది. ఈ సంగతి మన పిల్లలకు బడిలో చెప్పాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఏడింటిలో నాకు రెండు ప్రాణం. మనిషికి ఒక్క ఓటే, బర్రె ఒకటున్నా పదున్నా. రెండోది, సభ్యుల ఆర్థిక భాగస్వామ్యం: సంఘానికి పెట్టుబడి పెట్టేదీ, దాన్ని అదుపు చేసేదీ సభ్యులే. ఈ రెండూ ఒకే ముడి. సంఘాన్ని వాడుకునేవాళ్ల చేతిలోనే ఓటుండాలి. ఆ ముడి జారితే ఏమవుతుందో 2001, 2002లో కృషి, చార్మినార్ సహకార అర్బన్ బ్యాంకులు మునిగినప్పుడు ఈ నగరం చూసింది. అర్బన్ బ్యాంకులో అప్పు తీసుకోవాలంటే వాటా కొనాలి, వాటా ఉంటే ఓటు. డిపాజిట్ వేసేవాళ్లకు సభ్యత్వం అక్కర్లేదు కాబట్టి ఓటూ లేదు. సొమ్ము ఒకరిది, పెత్తనం ఇంకొకరిది. ఆనాడు డిపాజిట్ బీమా కూడా లక్ష రూపాయలకే.

ఆ ముడి జారని చోటు చూడాలంటే ముల్కనూరు ఊరి వైపు చూడండి. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి మొదలుపెట్టిన సహకార సంఘం ఇప్పటికీ రైతుకు అప్పిస్తోంది, ఎరువు అమ్ముతోంది, పంట కొంటోంది. అక్కడే 2000లో ఆడవాళ్లు స్వకృషి డెయిరీ నిలబెట్టుకున్నారు. పాలకవర్గంలో అందరూ మహిళలే, పాలు పోసే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే.

మన దగ్గర డైరెక్టర్ పదవికి ఎవరైనా నిలబడితే ముందు అడిగేది ఏ పార్టీ అని. పోయినేడు ఎన్ని లీటర్లు పోశారని అడిగేవాళ్లే లేరు. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల్లో 2020లో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2025 ఫిబ్రవరిలో తీరితే, ఎన్నికలు పెట్టకుండా ఆరు నెలలు పొడిగించారు. ఓటు వాయిదా పడటం మనకు వార్తగా కూడా తోచడం లేదు. నన్ను బాధపెట్టేది అదే. సర్కారు సాయం లేదని కాదు. 2017లో నార్ముల్ రైతులకూ లీటరుకు 4 రూపాయల సర్కారు ప్రోత్సాహకం వర్తింపజేశారు. సంతోషమే. కానీ సాయం ఎంత వచ్చినా, లెక్క అడిగే సభ్యులు లేని సంఘం నిలబడదు.

అందుకే ఈసారి ప్రతి ఊరి సర్వసభ్య సమావేశంలో ఆ ఊరికి ఆగిన బిల్లు ఎంతో, యూనియన్‌కు బయటినుంచి రావాల్సిన బాకీ ఎంతో, అది ఎవరి దగ్గర ఉందో మైకులో చదివి వినిపించాలి. డైరెక్టర్‌గా నిలబడేవాళ్లు ఏడాదిలో పోసిన పాల లెక్కను నామినేషన్‌కు జత చేయాలి. సరూర్‌నగర్ నుంచి మనం చేయగలిగిందీ ఉంది. ఆ ప్యాకెట్ అడిగి కొందాం. రైతుల బిల్లులు ఏ తేదీ దాకా చెల్లించారో చెప్పమని కాలనీ సంఘాల తరఫున హయత్‌నగర్‌కు ఉత్తరం రాద్దాం, జవాబు వచ్చేదాకా రాస్తూనే ఉందాం.