ముందు వరుసకు ముందే టీకా

ఎంపాక్స్‌ కారణంగా ప్రకటించిన అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర పరిస్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 సెప్టెంబరు 5న ఎత్తివేసింది. గండం గడిచిందనుకుని మన ప్రభుత్వాలు ఫైలు కట్టిపెడితే మాత్రం ఘోరమైన తప్పు చేసినట్టే. ఈ జబ్బునూ చాలావరకు అడ్డుకునే మశూచి టీకా ఎవరికి వేయాలి, ఎప్పుడు వేయాలి, వేయించుకున్నవారికి ఏమైనా అయితే ఆ కుటుంబాన్ని ఎవరు ఆదుకోవాలి? వీటికి కేంద్రం కాగితం మీద జవాబు చెప్పాల్సింది ఒత్తిడి లేని ఈ రోజుల్లోనే. కేసులు మొదలయ్యాక హడావుడిగా తీసే ఉత్తర్వులు ఎలా ఉంటాయో కొవిడ్‌ కాలంలో అందరం చూశాం.

ఈ టీకా దేశంలో అందరికీ అవసరం లేదు. రోగికీ వైరస్‌కూ దగ్గరగా మసలక తప్పనివారికి మాత్రం అది ఉచితంగా అందాలి. వేయించుకోవాలా వద్దా అన్నది వారి ఇష్టానికే వదిలేయాలి. హాని జరిగితే పరిహారం ఇస్తామన్న హామీ చట్టంగా ముందు రావాలి, ఆ తర్వాతే సూది.

లేని జబ్బుకు టీకా ఎందుకన్న సందేహం సహజం. మశూచి ప్రపంచం నుంచి తొలగిపోయిందని 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సభ ప్రకటించింది. జబ్బు పోయింది గానీ వైరస్‌ పోలేదు. అమెరికాలో అట్లాంటాలోని వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీలోనూ, రష్యాలో కోల్త్సోవోలోని వెక్టర్‌ కేంద్రంలోనూ అధికారికంగానే దాన్ని భద్రపరిచారు. లెక్కలో లేనిది ఇంకెక్కడైనా ఉండొచ్చని 2014లో తెలిసింది. వాషింగ్టన్‌ పక్కనున్న బెథెస్డాలో, ఒక ప్రభుత్వ ప్రయోగశాల శీతల గదిలో 1950ల నాటి మశూచి సీసాలు అట్టపెట్టెలో దొరికాయి. అన్నేళ్లూ అవి అక్కడున్న సంగతి ఎవరికీ పట్టలేదు. అంతకు చాలా ముందే, 1978లో, ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో మశూచి ప్రయోగశాల ఉన్న భవనంలో పై అంతస్తులో పనిచేసే మెడికల్‌ ఫొటోగ్రాఫర్‌ జానెట్‌ పార్కర్‌ ఆ జబ్బుతో చనిపోయారు. ప్రపంచంలో చివరి మశూచి మరణం ఆమెదే. ఆమె వైరస్‌ను ముట్టుకునే ఉద్యోగి కారు, ఆ భవనంలో పనిచేయడమే ఆమెకు ముప్పు తెచ్చింది. ప్రమాదం ఎక్కువగా ఉన్నవారంటే తెల్లకోటు శాస్త్రవేత్తలు మాత్రమే కాదని అప్పుడే తేలిపోయింది.

ఇప్పుడు ఎంపాక్స్‌ వచ్చింది. ఇది మశూచి వైరస్‌ కుటుంబంలోదే. మశూచి టీకా దీన్నీ చాలావరకు అడ్డుకుంటుంది. కానీ మశూచి టీకాలు 1970ల చివర్లో ఆగిపోయాయి కాబట్టి మన దేశంలో నలభై అయిదేళ్లలోపు వారికి ఆ రక్షణ లేదు. ఆసుపత్రుల్లో డ్యూటీ చేసే నర్సుల్లో, వార్డుబాయ్‌లలో, అంబులెన్స్‌ డ్రైవర్లలో అత్యధికులు ఆ వయసువారే.

అలాగని పాత టీకానే మళ్లీ వేస్తే సరిపోతుందనుకోవడం తప్పు. అందులో ఉన్నది బతికున్న వాక్సీనియా వైరస్‌. రెండు మొనలున్న సూదిని మందులో ముంచితే మొనల మధ్య ఒక చుక్క నిలుస్తుంది. దానితో చేతి మీద ఒకేచోట పదిహేను పోట్లు పొడిచేవారు. మూడు నాలుగు రోజులకు ఎర్రటి పొక్కు లేచేది. వారానికి అది చీము పట్టి, ఆపైన పక్కు కట్టి, మూడో వారంలో రాలిపోయి జీవితాంతం ఉండే మచ్చ మిగిల్చేది. పక్కు రాలేదాకా పుండులో వైరస్‌ బతికే ఉంటుంది. తల్లి చేతి పుండు తగిలితే ఎగ్జిమా ఉన్న బిడ్డకు ప్రాణం మీదికి రావచ్చు. హెచ్‌ఐవీ ఉన్నవారికి, గర్భిణులకు, కేన్సర్‌ చికిత్సలో ఉన్నవారికి అది తగదు. అంటే టీకా వేయించుకునే నర్సు తన ఒంటి సంగతి ఒక్కటే చూసుకుంటే చాలదు, ఇంట్లో పక్కనే పడుకునేవారి సంగతీ చూసుకోవాలి. పెద్దమ్మవారు ఊళ్లకు ఊళ్లనే ఊడ్చుకుపోయిన కాలంలో ఈ ముప్పును జనం భరించారంటే అర్థముంది. ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియని జబ్బు కోసం ఆరోగ్యంగా ఉన్న మనిషిని భరించమంటే ఆ మనిషి వంద ప్రశ్నలు అడుగుతాడు. అడగాలి కూడా.

ఆ ప్రశ్నలకు జవాబు చెప్పని ప్రభుత్వానికి ఏమవుతుందో అమెరికా అనుభవం చెబుతోంది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత, ఉత్తరాల్లో ఆంథ్రాక్స్‌ పొడి వచ్చిన భయంలో, ఎవరైనా మశూచిని ఆయుధంగా వాడతారేమోనన్న ఆందోళన పెరిగింది. 2002 డిసెంబరు 13న అధ్యక్షుడు జార్జి బుష్‌ టీకా కార్యక్రమాన్ని ప్రకటించారు. సైనికులకు తప్పనిసరి, అత్యవసర వైద్య సిబ్బందికి ఐచ్ఛికం. తొలి విడతలో దాదాపు 5 లక్షల మంది వైద్య సిబ్బందికి, మలివిడతలో పోలీసులు, అగ్నిమాపక దళాలతో కలిపి కోటి మంది వరకూ వేయాలన్నది ఆలోచన. 2003 జనవరి 24న కనెక్టికట్‌లో నలుగురు డాక్టర్లతో మొదలుపెట్టారు. ఆ ఏడాది ముగిసేసరికి టీకా వేయించుకున్న పౌర సిబ్బంది 40 వేల లోపే.

ఇది నర్సుల పిరికితనం కాదు. టీకా వల్ల జ్వరమొచ్చి మంచాన పడితే జీతం ఎవరిస్తారు? నా వల్ల నా రోగికో, నా బిడ్డకో అంటుకుంటే బాధ్యత ఎవరిది? నర్సుల సంఘాలు అడిగిన ఈ ప్రశ్నలకు ప్రభుత్వం దగ్గర జవాబు లేదు. మశూచి దాడి జరిగే అవకాశం నిజంగా ఎంతో కూడా దేశ భద్రత పేరుతో వివరించలేదు. చాలా ఆసుపత్రులు తమ సిబ్బందిని పంపలేదు. మార్చిలో, టీకా వేయించుకున్న కొందరిలో గుండె కండరం వాపు, గుండెపోట్లు బయటపడ్డాయి. గుండెజబ్బు ఉన్నవారికి వేయవద్దని సీడీసీ అప్పుడు చెప్పాల్సి వచ్చింది. బాధితులకు పరిహారమిచ్చే చట్టంపై సంతకం పడింది ఏప్రిల్‌ 30న, తొలి టీకా వేసిన మూడు నెలలకు. అప్పటికి నమ్మకం చెడింది. జూన్‌లో నిపుణుల సలహా సంఘమే కార్యక్రమాన్ని ఇంకా విస్తరించవద్దని చెప్పింది. టీకా సీసాలకు కొదవ లేని దేశంలో, డబ్బుకు లోటు లేని కార్యక్రమం ఇలా కుప్పకూలింది. పరిహార చట్టం జనవరికి ముందే వచ్చి ఉంటే కథ వేరేగా ఉండేది.

పాత టీకాకూ ఇప్పుడున్న దానికీ తేడా ఉంది. డెన్మార్క్‌ కంపెనీ బవేరియన్‌ నార్డిక్‌ తయారుచేసే ఎంవీఏ-బీఎన్‌కు అమెరికా 2019లో అనుమతిచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో గుర్తింపునిచ్చింది. ఇందులోని వైరస్‌ మనిషి ఒంట్లో పెరగదు. నాలుగు వారాల తేడాతో రెండు డోసులు, అంతే. పుండు పడదు, ఇంట్లోవారికి అంటదు.

బ్రిటన్‌ 2022లో వాడింది ఈ టీకానే. వ్యాధి ఎక్కువగా పురుషులతో లైంగిక సంబంధాలున్న పురుషుల మధ్య వ్యాపిస్తోందని తేలగానే అక్కడి ఆరోగ్య భద్రతా సంస్థ జూన్‌లో ఆ సంగతి దాచకుండా చెప్పింది. వారిలో ఎక్కువ ముప్పున్నవారికి, రోగులను చూసే వైద్య సిబ్బందికి టీకా ఇస్తామని ప్రకటించింది. పేరూ ఊరూ గుచ్చి గుచ్చి అడగని లైంగిక ఆరోగ్య క్లినిక్‌లే టీకా కేంద్రాలయ్యాయి. ఆ వర్గంతో ఏళ్ల తరబడి పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థలు ప్రచారం చేశాయి. లండన్‌లో జనం తమంతట తామే వచ్చి వరుసల్లో నిలబడ్డారు. వేసవి దాటేసరికి కేసులు తగ్గుముఖం పట్టాయి. ఆ ఘనతంతా టీకాదే అనలేం. ముప్పు తెలిసి జనం జాగ్రత్తపడటమూ అందులో ఉంది. నిజం చెప్పారు కాబట్టే జాగ్రత్తపడ్డారు.

అదే ఏడాది అమెరికాలో మరో చిన్న సంగతి. డోసులు చాలక, టీకాను చర్మం పొరల్లో కొద్దికొద్దిగా ఇవ్వడం మొదలుపెట్టారు. అది ముంజేతి మీద ఎర్రటి గుర్తు మిగిల్చేది. ఆ గుర్తు చూసి తమను ఫలానావారని పోల్చుకుంటారన్న భయంతో కొందరు టీకాకు రావడం మానేశారు. అధికారులు వారిని తప్పుపట్టలేదు. బట్టల కింద కనపడకుండా భుజం దగ్గరో, వీపు మీదో వేయవచ్చని సెప్టెంబరులో నిబంధన మార్చారు. ప్రజల సిగ్గును, భయాన్ని కూడా లెక్కలోకి తీసుకున్న ఆ సవరణ మన అధికారులు చదవదగ్గది.

ముప్పున్నచోటే గురి చూసి టీకా వేసే విద్య మనకు కొత్త కాదు. ఏటా కోట్ల టీకాలు వేస్తున్నా 1974లో భారత్‌లో 1.88 లక్షల మశూచి కేసులు, 31 వేలకు పైగా మరణాలు నమోదయ్యాయి. దేశాన్ని గట్టెక్కించింది గురి చూసి వేసిన టీకా. ఆరోగ్య కార్యకర్తలు మశూచి బిడ్డ బొమ్మ ఉన్న కార్డు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. కేసు కనపడితే ఇంటిముందు కాపలా పెట్టి, చుట్టుపక్కల వారందరికీ టీకా వేశారు. 1975 మేలో అస్సాంలోని కరీంగంజ్‌లో చివరి కేసు నమోదైంది. ఆ పోరాటానికి ఎండబెట్టిన మశూచి టీకా మందును తయారుచేసి ఇచ్చిన నాలుగు సంస్థల్లో హైదరాబాద్‌ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ ప్రివెంటివ్‌ మెడిసిన్‌ (ఐపీఎం) ఒకటి. గర్వించదగ్గ చరిత్ర ఇది. కొన్ని గ్రామాల్లో రాత్రిపూట తలుపులు తోసుకుని వెళ్లి, ఏడుస్తున్నవారిని పట్టుకుని టీకాలు పొడిచిన ఘటనలూ ఆ చరిత్రలోనే ఉన్నాయి. ఆ బలవంతం మళ్లీ తలెత్తకూడదు.

ఇక ఇవాళ్టి సంగతి. భారత్‌లో తొలి ఎంపాక్స్‌ కేసు 2022 జులైలో కేరళలో బయటపడింది, యూఏఈ నుంచి వచ్చిన ప్రయాణికుడిలో. ఆ నెలాఖరునే త్రిస్సూర్‌ జిల్లాలో ఒక యువకుడు చనిపోయాడు, అతడూ గల్ఫ్‌ నుంచి వచ్చినవాడే. 2024 సెప్టెంబరులో ఈ వైరస్‌లోని క్లేడ్‌ 1బీ రకం మలప్పురంలో కనపడింది, మళ్లీ యూఏఈ నుంచే. కరీంనగర్‌, జగిత్యాల, నిజామాబాద్‌ల నుంచి, కడప, కోనసీమల నుంచి ఎంతమంది గల్ఫ్‌లో ఉన్నారో మనకు తెలుసు. 2022 జులైలోనే కువైట్‌ నుంచి కామారెడ్డి జిల్లాకు వచ్చిన ఒకరిని అనుమానంతో హైదరాబాద్‌ ఫీవర్‌ ఆసుపత్రిలో చేర్చారు. పుణె వైరాలజీ సంస్థ పరీక్షలో ఎంపాక్స్‌ కాదని తేలింది. ప్రతిసారీ అలాగే తేలుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

నిజంగా ఎంపాక్స్‌ ఉన్న రోగి వార్డులోకి వస్తే అతణ్ని ముట్టుకునేది ఎవరు? డాక్టరు రోజుకు ఒకటి రెండుసార్లు వస్తారు. పొక్కు నుంచి నమూనా తీసేది ల్యాబ్‌ టెక్నీషియన్‌. పక్కులు రాలిన దుప్పటి తీసి, మడిచి, మూట కట్టి లాండ్రీకి మోసేది పారిశుద్ధ్య కార్మికురాలు. 2018లో ఇంగ్లండ్‌లో ఎంపాక్స్‌ సోకిన ఆసుపత్రి సహాయకురాలికి రోగి పక్కబట్టలు మార్చేటప్పుడే అంటి ఉండొచ్చని నిపుణులు తేల్చారు. మన ఆసుపత్రుల్లో ఆ పని చేసేవారు కాంట్రాక్టు ఏజెన్సీ మనుషులు. ఆసుపత్రి సిబ్బంది జాబితాలో వారి పేరుండదు, టీకా జాబితాలోనూ ఉండకుండా పోయే ప్రమాదం ఉంది. విధానంలో తొలి వాక్యం వారి గురించే ఉండాలి. తర్వాత పుణె వైరాలజీ సంస్థలోనూ, వైద్య కళాశాలల వైరాలజీ ప్రయోగశాలల్లోనూ ఈ నమూనాలను చూసేవారు, గుర్తించిన ఆసుపత్రుల నర్సులు, అంబులెన్స్‌ సిబ్బంది. కేసు తేలితే రోగికి దగ్గరగా మెలిగిన ఇంటివారికి, వీలైతే అలా మెలిగిన నాలుగు రోజుల్లోపే. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు చెబుతున్నదీ ఇదే, మూకుమ్మడి టీకాలు వద్దనే వారూ అంటున్నారు.

లైంగిక సంబంధాల ద్వారా ముప్పున్నవారి గురించి మాట్లాడటానికి మన ప్రభుత్వాలు మొహమాటపడతాయి. ఆ మొహమాటం ప్రాణాలు తీస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ ఒకప్పుడు హెచ్‌ఐవీ తీవ్రత అత్యధికంగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. అప్పుడు పనిచేసింది పోలీసు కాదు. సెక్స్‌వర్కర్ల సంఘాలు, స్వలింగ సంపర్కుల సంఘాలు, తోటివారికి తోటివారే చెప్పుకునే పద్ధతి పనిచేశాయి. ఆ సంఘాల కేంద్రాలు ఇప్పటికీ నడుస్తున్నాయి. పేరు బయటపెట్టకూడదన్న నిబంధన 2017 నాటి హెచ్‌ఐవీ చట్టంలో ఉంది. అదే రక్షణను ఈ టీకాకూ వర్తింపజేసి, అక్కడే వేయాలి. హెచ్‌ఐవీ అదుపులో లేనివారికి ఎంపాక్స్‌ ప్రాణాంతకం కాగలదు కాబట్టి హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రాలను మొదట కలుపుకోవాలి.

అన్నిటికన్నా ముందు పరిహారం. కొవిడ్‌ టీకా తర్వాత పిల్లలను పోగొట్టుకున్న తల్లిదండ్రులు సుప్రీంకోర్టుకు వెళితే, టీకా ఐచ్ఛికం కాబట్టి ప్రభుత్వానికి బాధ్యత లేదని, కావాలంటే సివిల్‌ కోర్టులో దావా వేసుకోవచ్చని 2022 నవంబరులో కేంద్రం అఫిడవిట్‌ ఇచ్చింది. దేశం కోసం చేయి చాపమని అడిగి, చేయి చాపినవాణ్ని కోర్టుల చుట్టూ తిరగమనడం అన్యాయం. ఎవరి తప్పో నిరూపించాల్సిన పని లేకుండా, నిర్ణీత గడువులో పరిహారమిచ్చే చట్టం తేవాలి. జ్వరమొచ్చిన రోజులకు కాంట్రాక్టు కార్మికులకు కూడా జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి.

ఇంత కొద్దిమంది కోసం ఇంత ఖర్చా అని ఆర్థిక శాఖ అడగవచ్చు. కొద్దిమందే కాబట్టి ఖర్చూ కొద్దిదే. ఆలస్యం చేస్తే సరుకు దొరకదన్నది అసలు భయం. 2022లో ధనిక దేశాలు ఎంవీఏ-బీఎన్‌ నిల్వల్ని ముందే కొనేసుకున్నాయి. దశాబ్దాలుగా ఈ జబ్బుతో బతుకుతున్న కాంగోకు తొలి విడత డోసులు చేరింది 2024 సెప్టెంబరు 5న. అప్పటికి అక్కడ ఎందరో పిల్లలు చనిపోయారు. సీరం ఇన్‌స్టిట్యూట్‌తో బవేరియన్‌ నార్డిక్‌ ఒప్పందం కుదిరింది కాబట్టి దేశీయ ఉత్పత్తికి దారి ఉంది. కొంటామన్న హామీ కేంద్రం ఇస్తేనే ఆ దారిలో ఎవరైనా పెట్టుబడి పెడతారు.

రానున్న పార్లమెంటు సమావేశాల్లో పరిహార బిల్లు పెట్టాలి. దానితోపాటే టీకా ఎవరికి, ఎక్కడ, ఎలా అన్న విధానాన్ని అన్ని భాషల్లో ప్రచురించి, నర్సుల సంఘాలను, కాంట్రాక్టు కార్మికుల సంఘాలను పిలిచి అభ్యంతరాలు వినాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ ఆరోగ్య శాఖలు కేంద్రం కోసం ఆగనక్కర్లేదు. ఎంపాక్స్‌ రోగులను చేర్చుకునే ప్రతి ఆసుపత్రిలో పక్కబట్టలు మార్చేవారు ఎందరు, వారు ఏ ఏజెన్సీ కింద ఉన్నారు, వారి ఆరోగ్య వివరాలేమిటి అన్న జాబితా ఈ నెలలోనే తయారుచేయవచ్చు.