ఇల్లు మీదే, కానీ ఇంటి ముఖం వీధిది కూడా



మొన్నటి సంఘం సమావేశంలో పాత ఇళ్ల మాట ఎత్తగానే ఒకటే జవాబు వచ్చింది: "మా ఇల్లు, మా ఇష్టం. నడుమ చట్టం ఎందుకు?" అన్నవాళ్లు పరాయివాళ్లు కారు, వాళ్ల భయం అబద్ధమూ కాదు. నాలుగు పెంకులు మార్చాలన్నా ఆఫీసుల చుట్టూ తిరగాలేమో, కూతురి పెళ్లికని ఇల్లు అమ్మబోతే కొనేవాడు వెనక్కి పోతాడేమో అన్నది వాళ్ల బాధ. దానికి జవాబు చెప్పకుండా "వారసత్వం, సంస్కృతి" అని ఉపన్యాసం ఇవ్వడం మాకూ ఇష్టం లేదు.

మేము అడుగుతున్నది ఇల్లంతా కాదు. వీధిలో నిలబడి చూస్తే కనబడేంత వరకే: తిన్నె, చెక్క స్తంభాలు, కిందికి దిగిన పెంకుల చూరు, తలవాకిలి. లోపల గ్రానైటు పరుచుకోండి, ఏసీ పెట్టుకోండి, వెనకవైపు మిద్దె వేసుకోండి. ముందు వైపు మాత్రం తిన్నె పగలగొట్టి ఇనప షట్టరు దించకండి.

ఇది మేము కొత్తగా కనిపెట్టింది కాదు. ఫ్రాన్సులో చాలా పాత ఇళ్లకు రక్షణ ఉండేది ముందు గోడకు, పైకప్పుకు మాత్రమే. 1962లో మంత్రి ఆంద్రే మాల్రో తెచ్చిన చట్టంతో ఒక్కో భవనాన్ని కాకుండా వీధులకు వీధులనే కాపాడటం మొదలైంది. లియోన్ పాత పట్నం 1964లో అలా మిగిలింది. అక్కడ బాగుచేయించుకునే యజమానికి పన్నులో మినహాయింపు కూడా ఉంది. మనవాళ్లు చట్టం అనగానే జరిమానా అనుకుంటారు, ఈ రెండో సగం ఎవరికీ గుర్తురాదు.

ఫ్రాన్సు దాకా పోలేమంటే పుదుచ్చేరికి బస్సు ఉంది. సముద్రం వైపు తెల్లవాళ్ల బంగళాలు అందరూ చూస్తారు. కాలువకు ఇవతల కాల్వే సుబ్బరాయ చెట్టి వీధి, పాత పేరు వైశ్యాళ్ వీధి, చూసి రండి. తిన్నెలు, వీధి మీదికి వాలిన పెంకుల చూర్లు వరసగా కనబడతాయి. ఇంటాక్ సంస్థ, అక్కడి ప్రభుత్వం, ఇంటి యజమానులు కలిసి ఆ ముందు భాగాలను బాగుచేయించారు. యజమానులూ తమ వంతు డబ్బు పెట్టారు. 2008లో యునెస్కో ఆసియా పసిఫిక్ బహుమతి వచ్చింది. అక్కడ ఎవరి పట్టా ఎవరూ లాక్కోలేదు.

అదే ఊళ్లో ఇంకో సంగతి కూడా చెప్పాలి. బీచ్ రోడ్డు మీది మేరీ భవనం, సాక్షాత్తూ ప్రభుత్వానిది, 2014 నవంబరు వానల్లో కూలిపోయింది. పేరు ప్రతిష్ఠ ఎంత ఉన్నా రిపేరుకు డబ్బు సమయానికి రాకపోతే గోడ ఆగదు. అందుకే పన్ను రాయితీ, రిపేరు సాయం లేని చట్టాన్ని మేము కూడా ఒప్పుకోం.

మన రాష్ట్రం సంగతి చూస్తే సిగ్గేస్తుంది. 1966 చట్టం ఉంది, దాని కింద పురావస్తు శాఖ చూసుకునేది రక్షిత కట్టడాలను. ఊళ్లో కాపురం ఉన్న ఇల్లు దాని కంటికి ఆనదు. వారసత్వ కమిషన్ చట్టం 2012లో శాసనసభ దాటితే, అమల్లోకి వచ్చింది 2024లో. పన్నెండేళ్లు! ఆ పన్నెండేళ్లలో మన చుట్టుపక్కల ఎన్ని తిన్నెలు పోయాయో వేళ్లతో లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశాం.

చెన్నై మౌంట్ రోడ్డులో భారత్ ఇన్సూరెన్స్ భవనాన్ని 2006లో కూల్చడం మొదలుపెడితే ఇంటాక్ కోర్టుకు పోయింది, 2010లో హైకోర్టు ఆపింది. హైదరాబాదులో పాత భవనాలను కాపాడే 13వ నియమాన్ని ప్రభుత్వమే 2015లో తీసేసింది. అయినా ఎర్రమంజిల్ కూల్చి అసెంబ్లీ కట్టాలన్న నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టేసింది. జాబితాలో పేరున్న భవనం కోసం కోర్టులో మాట్లాడటానికి ఆధారం ఉంటుంది. ఆత్తిపట్టు ఇంటికి ఏ జాబితాలో పేరుంది?

తిరుత్తణి ప్రాంతం 1960 ఏప్రిల్ దాకా చిత్తూరు జిల్లా. సరిహద్దు మారింది, కచేరీ కాగితాల భాష మారింది. మనం ఇక్కడ ఎప్పటినుంచి ఉన్నామో చెప్పే సాక్ష్యం ఈ ఇళ్లే. తెలుగు మాధ్యమం బడి కోసం అర్జీలు రాసిన మనమే, తెలుగువాళ్లు కట్టిన ఇంటి ముఖాన్ని మన చేతులతోనే సిమెంటుతో పూడ్చేస్తే ఎవరిని నిలదీస్తాం?

అక్టోబరు 2 గ్రామసభలో తీర్మానం పెట్టిద్దాం. పాత ఇళ్ల ముందు భాగాల జాబితా తయారు చేసి కమిషన్‌కు పంపాలి, ఒప్పుకున్న యజమానులకు ఇంటి పన్ను తగ్గించాలి, ఒప్పుకోనివాళ్లను బలవంతపెట్టకూడదు అని. అంతకన్నా ముందు ఒక్కో ఇంటికి ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి ఫొటో కావాలి. కట్టిన ఏడు పెద్దవాళ్లను అడిగి రాయాలి, తెలియకపోతే ఖాళీ వదిలేయండి, ఊహించి రాయొద్దు. వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి పిళ్లారి గుడి దగ్గర కలుద్దాం. సమావేశంలో కాదన్నవాళ్లు కూడా రండి. మొదటి ఫొటో మీ ఇంటిది కాకపోయినా పర్వాలేదు.