నల్ల కెప్టెన్ ఎవరి కుర్చీ లాక్కున్నాడు?

మొన్న రాత్రి హాస్టల్ రూంలో పదిమందిమి ఒక లాప్‌టాప్ చుట్టూ చేరి కొత్త 'కెప్టెన్ అమెరికా' సినిమా చూశాం. స్టీవ్ రోజర్స్ అనే తెల్లవాడి డాలు ఇప్పుడు శామ్ విల్సన్ అనే నల్లవాడి చేతిలో ఉంది. సినిమా అయిపోయాక ఒక తమ్ముడు అన్నాడు: "అన్నా, మన హీరోలను మనం తయారు చేసుకోవాలె గానీ వాళ్ళ హీరోకు నల్లరంగు పూసుడెందుకు? అడుక్కున్నట్టు లేదా?"

ఈ మాట ఏ ట్రోల్ అకౌంటో అనివుంటే బ్లాక్ చేసి పడుకునేవాణ్ణి. అన్నది మనవాడు. ఆత్మగౌరవంతో అన్నాడు. అందుకే ఈ వారం పోస్టు ఆ తమ్ముడి కోసం, అతనిలాగే ఆలోచిస్తున్న మీ అందరి కోసం.

ముందు అవతలివాళ్ళ వాదన తేల్చేద్దాం. "పాత్ర ఎట్లా పుట్టిందో అట్లాగే ఉండాలి, మారిస్తే మూలానికి ద్రోహం" అంటారు. సరే, మూలంలోకే పోదాం. 1938లో పుట్టినప్పుడు సూపర్‌మాన్‌కు ఎగరడం రాదు, గెంతేవాడు. ఎగరడం తర్వాత వచ్చింది. 1962లో హల్క్ మొదటి సంచికలో బూడిదరంగులో ఉన్నాడు. ఆ రంగు అచ్చులో సరిగ్గా పడటం లేదని రెండో సంచికకే ఆకుపచ్చ చేశారు. 1983లో గుర్రం మొహమున్న గ్రహాంతరవాసి ఒకడు థోర్ సుత్తిని ఎత్తాడు. 1986లో థోర్ కొన్నాళ్ళు కప్పగా బతికాడు. ఇవేవీ జాతి గౌరవ సమస్యలు కాలేదు. 2011లో 'థోర్' సినిమాలో హైమ్‌డాల్ అనే కాపలాదారు పాత్రను ఇడ్రిస్ ఎల్బా వేస్తే మాత్రం శ్వేతజాతి ఆధిపత్య సంఘం ఒకటి సినిమాను బహిష్కరించమని పిలుపిచ్చింది. గుర్రం సుత్తి ఎత్తొచ్చు. దేవుడు కప్ప కావొచ్చు. నల్లవాడు గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూడా నిలబడకూడదు!

అంటే గొడవ మార్పు గురించి కాదు, లోపలికి ఎవరొస్తున్నారన్న దాని గురించి. తెల్లరంగు వాళ్ళకు రంగుగా కనపడదు, 'మామూలు మనిషి'గా కనపడుతుంది. మనకిది కొత్తా? 'జనరల్' వాళ్ళకు కులమే లేనట్టు, కులమంతా మన సర్టిఫికెట్లోనే ఉన్నట్టు మాట్లాడేవాళ్ళను క్లాసులో రోజూ చూస్తూనే ఉన్నాం కదా.

ఇక తమ్ముడి ప్రశ్న. "మనవి మనమే తయారు చేసుకోవాలి" అని అతను ఆత్మగౌరవంతో అన్న మాటనే అమెరికాలో తెల్ల అభిమానులు వెటకారంగా అంటారు: "మీవి మీరు తయారు చేసుకోండి." నల్లవాళ్ళు చేసుకోలేదా? చేసుకున్నారు. ఏమైందో చూడండి.

1947లో ఫిలడెల్ఫియాలో ఓరిన్ ఎవాన్స్ అనే నల్లజాతి జర్నలిస్టు 'ఆల్ నీగ్రో కామిక్స్' తెచ్చాడు. రాసినవాళ్ళు, గీసినవాళ్ళు అందరూ నల్లవాళ్ళే. అందులో లయన్ మ్యాన్ అనే హీరో ఉన్నాడు. రెండో సంచిక కూడా సిద్ధం చేశారు. దానికి కాగితం అమ్మేవాళ్ళు దొరకలేదు. కథ అక్కడితో సరి.

1954లో కామిక్స్‌కు సెన్సారు లాంటి 'కామిక్స్ కోడ్' వచ్చింది. 1956లో ఇ.సి. కామిక్స్ అనే సంస్థ 'జడ్జ్‌మెంట్ డే' అన్న తన పాత కథను మళ్ళీ వేయబోయింది. రోబోలు నారింజ, నీలం అని విడిపోయి వివక్షతో బతికే గ్రహానికి భూమి నుంచి ఒక వ్యోమగామి తనిఖీకి వెళ్తాడు. మీరింకా మాతో కలవడానికి తగరు అని చెప్పి బయలుదేరతాడు. చివరి బొమ్మలో హెల్మెట్ తీస్తే అతను నల్లవాడు. అతను నల్లవాడిగా ఉండకూడదన్నాడు కోడ్ అధికారి. ప్రచురణకర్త ఎదురు తిరిగి, మార్చకుండానే వేశాడు. ఆ సంస్థ వేసిన చివరి కామిక్ పుస్తకం అదే.

1993లో డ్వేన్ మెక్‌డఫీ, డెనిస్ కొవాన్, మిత్రులు కలిసి మైల్‌స్టోన్ సంస్థ పెట్టారు. పాత్రల హక్కులు తమ దగ్గరే ఉంచుకున్నారు. కానీ అచ్చు, పంపిణీ డి.సి. కంపెనీ చేతిలో. నాలుగైదేళ్ళకే పుస్తకాలు ఆగిపోయాయి.

చూశావా తమ్ముడూ? బొమ్మ గీయడం రాక కాదు. కాగితం, ప్రెస్సు, పంపిణీ, షాపులో అర, అన్నీ వేరేవాళ్ళ చేతుల్లో ఉన్నాయి. సూపర్‌మాన్, స్పైడర్‌మాన్ పేర్లు అంత పెద్దవైంది ఒక్క తెల్లపిల్లల డబ్బుతోనే కాదు. నల్లపిల్లలు కూడా చిల్లర కూడబెట్టి కొన్నారు, కలలుగన్నారు. అది ఊరందరి చెరువు. 1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ చౌదార్ చెరువు నీళ్ళు తాగింది వేరే బావి తవ్వుకోవడం చేతకాక కాదు. అది అందరి చెరువు కాబట్టి. దాన్ని ఎవరూ అడుక్కోవడం అనలేరు. హక్కు అంటారు.

అయితే నీ అనుమానంలో నిజం కూడా ఉంది. రంగు మార్చినంత మాత్రాన కథ మారదు. నిక్ ఫ్యూరీ 1963లో తెల్లవాడిగా పుట్టాడు. 2002లో 'ది అల్టిమేట్స్' కామిక్స్‌లో శామ్యూల్ ఎల్. జాక్సన్ మొహం తెచ్చుకున్నాడు. 2008 నుంచి సినిమాల్లో ఆ పాత్రను జాక్సనే వేశాడు. బాగుంది. కానీ అతని ఉద్యోగం అదే, అతని ప్రపంచం అదే. మారింది ఫొటో ఒక్కటే.

దీని పక్కన 2003లో వచ్చిన 'ట్రూత్' పెట్టి చూడండి. రాసింది రాబర్ట్ మొరాలెస్, గీసింది కైల్ బేకర్. స్టీవ్ రోజర్స్‌ను కెప్టెన్‌ను చేసిన ఆ మందును మళ్ళీ తయారు చేయడానికి సైన్యం నల్లసైనికుల మీద ప్రయోగాలు చేస్తుంది. చాలామంది చచ్చిపోతారు. బతికిన ఐజయా బ్రాడ్లీ కెప్టెన్ దుస్తులు వేసుకుని యుద్ధానికి పోతాడు. దేశం అతనికిచ్చిన బహుమానం జైలు. ఇది గాల్లోంచి పుట్టిన ఊహ కాదు. టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా అమెరికా ప్రజారోగ్య శాఖ సుమారు 600 మంది నల్లజాతి మగవాళ్ళ మీద అధ్యయనం పేరుతో ఏం చేసిందో చదవండి. వాళ్ళలో 399 మందికి సిఫిలిస్ ఉంది. పెన్సిలిన్ వచ్చాక కూడా వైద్యం చేయకుండా, జబ్బు ఎట్లా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. 'ట్రూత్' ఆ చరిత్రను తెచ్చి కెప్టెన్ డాలు ముందు నిలబెట్టింది. అందరి చెరువులో మన వాటా అడగడం ఒక పని. ఆ చెరువు ఎవరి చెమటతో తవ్వారో చెప్పడం ఇంకో పని. రెండూ కావాలి.

రెండోది మరిచిపోతే ఏమవుతుందో మన దేశంలోనే చూశాం. 2004లో స్పైడర్‌మాన్‌ను భారతీయుణ్ణి చేశారు. ధోతీ కట్టారు. అమెరికా కుర్రాడికి శక్తినిచ్చింది రేడియేషన్ సోకిన సాలీడు. మన కుర్రాడికి ఇచ్చింది ఒక యోగి! వాళ్ళకు సైన్సు, మనకు తపస్సు. పేరేమిటో తెలుసా? పవిత్ర్. మన తాతలను ఊరి బయట నిలబెట్టిన మాటే ఆ హీరోకు పేరయింది. చర్మం రంగు గోధుమ అయింది, పెత్తనం రంగు మారలేదు. పెన్ను ఎవరి చేతిలో ఉందని నేను పదేపదే అడిగేది అందుకే.

ఇంకొక్క సంగతి చెప్పి ఆపేస్తా. మార్వెల్ వాళ్ళ బ్లాక్ పాంథర్ 1966 జూలైలో వచ్చాడు. అదే ఏడాది అక్టోబర్లో ఓక్లాండ్‌లో బ్లాక్ పాంథర్ పార్టీ పుట్టింది. 1972లో ఒక కామిక్ సంచికలో ఆ హీరో, పాంథర్ అంటే రాజకీయ అర్థాలొస్తున్నాయని, తనను 'బ్లాక్ లెపర్డ్' అని పిలుచుకున్నాడు. తర్వాత మళ్ళీ పాత పేరుకే వచ్చాడనుకోండి. అదే 1972లో బొంబాయిలో నామ్‌దేవ్ ఢసాల్, జె.వి. పవార్, రాజా ఢాలే తదితరులు ఓక్లాండ్ వైపు చూసి తమ సంఘానికి 'దళిత్ పాంథర్స్' అని పేరు పెట్టుకున్నారు. బొమ్మల పుస్తకం భయపడి వదిలేసిన పేరును మనవాళ్ళు వీధిలో నెత్తిన పెట్టుకున్నారు.

తమ్ముడూ, వాళ్ళు ఎవరినైనా అడుక్కున్నారా? అవసరమైన పేరు తీసుకున్నారు, తమ కథతో నింపారు. శామ్ విల్సన్ ఎవరి కుర్చీ లాక్కోలేదు. ఐజయాను కూర్చోనివ్వని కుర్చీ అది. మన బావి మనం తవ్వుకుందాం, తప్పకుండా. కానీ చెరువు మీద హక్కు మాత్రం వదలొద్దు.

జై భీమ్.