ద్వారబంధానికి టేకు, పలకలకు వెనీర్

ఇల్లు కట్టుకుంటున్నవారికీ, వడ్రంగి మేస్త్రీలకూ మనవి.

గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలు తలుపు మీద వేళ్లతో తట్టి "అంతా టేకేనా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు ఔననడం కోసం బీరువా తలుపులకూ, దేవుడి గది గోడకూ, టీవీ వెనక పలకకూ కూడా టేకు కోయిస్తున్నాం. ఇది మానండి. ద్వారబంధాలకు, బరువు మోసే చోట్లకు గట్టి చెక్క వాడండి. ఇంట్లోపలి పలకలన్నిటికీ టేకు వెనీర్ అతికించిన ప్లైవుడ్ పెట్టించండి.

లెక్క చూడండి. ఘనపుటడుగు టేకును అంగుళం మందాన కోస్తే, రంపపు పొట్టుగా పోయేది లెక్కలోంచి తీసేయకుండానే, 12 చదరపు అడుగుల పలక వస్తుంది. అదే చెక్కను వెనీర్ కోసం అర మిల్లీమీటరు పొరలుగా చెక్కితే దాదాపు 600 చదరపు అడుగులు. ముడులూ పగుళ్లూ ఏరి సగం పారేసినా 300 మిగులుతాయి. లోపలి ప్లైకి రైతు పొలంలో కొన్నేళ్లకే కోతకొచ్చే జామాయిల్ సరిపోతుంది. చేవదేలిన టేకుకు ఒక తరం ఆగాలి.

మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతి ఆపేసింది. దుంగలు ఆగాయి గానీ "బర్మా టేకు" అన్న పేరు ఆగలేదు. ఘనా, ఈక్వెడార్ లాంటి దేశాల తోటల నుంచి కూడా మనకు టేకు వస్తోంది. తోటల్లో త్వరగా కోసేసిన లేత దుంగలో చేవ తక్కువ, తెల్లచెక్క ఎక్కువ. పాలిష్‌లో రంగు కలిపి ఆ తెలుపును కప్పేయవచ్చు. పురుగు రంగు చూసి ఆగదు.

పైగా వెడల్పాటి చెక్క వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండల్లో కుంచించుకుపోతుంది. చట్రంలో మేకులతో బిగించేస్తే పగలక ఏం చేస్తుంది? శ్రావణంలో తలుపు పట్టేస్తోందని చిత్రిక పట్టిస్తాం, చైత్రానికి అక్కడే సందు తేలుతుంది. ప్లైలో ఒక పొర నారకు అడ్డంగా ఇంకో పొర ఉంటుంది కాబట్టి ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

"ప్లై అంటే చవకబారు కదా" అంటారు. చవకది కొంటే చవకబారే. వెనీర్‌ను సన్‌మైకా అనుకోకండి. టేకు రంగు సన్‌మైకాలో కనిపించేది కాగితం మీది అచ్చు, వెనీర్‌లో ఉన్నది టేకే. ఒకే దుంగలోంచి వరసగా తీసిన రెండు పొరలను పుస్తకం తెరిచినట్టు పక్కపక్కన అతికిస్తే దేవుడి గది గోడ మీద నార రెండు వైపులా ఒకేలా విచ్చుకుంటుంది. అంత వెడల్పున ఆ అందం గట్టి చెక్కతో తేవాలంటే ఎంత ఖర్చో మేస్త్రీనే అడగండి.

మేస్త్రీలకు ఒక మాట. ముందువైపు మాత్రమే వెనీర్ వేసి వెనక వదిలేస్తే పలక వంగుతుంది. వెనక కూడా ఒక పొర వేయండి, మామూలు రకమైనా సరే. అంచులకు టేకు బీడింగ్ కొట్టండి. నార కలపడం నేర్పు అవసరమైన పని, దానికి కూలి వేరుగా అడగండి. ఇంటివాళ్లు బేరమాడకుండా ఇవ్వాలి.

బాత్‌రూమ్ తలుపుకూ, ఎండావానా నేరుగా కొట్టే వీధి తలుపుకూ వెనీర్ వద్దు. వంటింటికి ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లై తీసుకోండి. ఆ రకాన్ని 72 గంటలు నీళ్లలో ఉడికించి పరీక్షిస్తారు. ఆ నంబరూ, వెనీర్ ఏ చెట్టుదో, ఎంత మందమో బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే పక్క కొట్టుకు వెళ్లండి.