ఓడ నెక్కిన తమ్ముడు, ఊర నిలిచిన అన్న

పూర్వుల చరిత్రమును అంతర్జాలమున వెదకవలెనను కుతూహలము తెలుగువారి యిండ్లలో, ముఖ్యముగా విదేశములలో పుట్టి పెరుగుచు, మనము ఎక్కడివారమని అడుగు పిల్లలును, ఆ ప్రశ్నకు ఒక తరము దాటి సమాధానము చెప్పలేని తల్లిదండ్రులును గల యిండ్లలో, నానాటికి హెచ్చుచున్నది. మంచిదే. అయితే ఈ పనికి పూనుకొనువారిలో పెక్కురు మొట్టమొదట చేయునది, ఇంటిపేరును ఆంగ్లాక్షరములలో కొట్టి వెదకుమని యంత్రమును ఆజ్ఞాపించుట. ఆ యంత్రము అదే యింటిపేరు గల ఒక చలనచిత్ర నటునో, ఒక శాసనసభ్యునో, ఒక పెండ్లి సంబంధముల సంస్థనో చూపి ఊరకుండగా, మనకు చరిత్రమే లేదని నిట్టూర్చి విరమించుట రెండవది. చరిత్రము లేకపోలేదు. దానిని ఎవరు వ్రాసిరో, ఏ ప్రయోజనమునకు వ్రాసిరో, ఎక్కడ దాచిరో తెలిసికొనక వెదకుటచేత కలిగిన నిరాశ యిది.

పాశ్చాత్యుల సౌకర్యము వేఱు. ఇంగ్లండులో నూఱేండ్లు గడచిన పిమ్మటను, అమెరికాలో డెబ్బదిరెండేండ్లు గడచిన పిమ్మటను, జనాభా లెక్కల మూలపత్రములను పేర్లతో సహా ప్రజల యెదుట పెట్టుదురు. 1950 నాటి అమెరికా పత్రములు 2022 ఏప్రిల్ 1వ తేదీన బయటికి వచ్చినవి. మనకును 1871-72 నుండి జనాభా లెక్కలు కలవు గాని, వానినుండి మనకు దక్కినవి సంఖ్యలే, పేర్లు గావు; వ్యక్తుల వివరములను ఎవరి పరిశీలనకును ఈయరాదని 1948 నాటి చట్టము శాసించుచున్నది. జనన మరణముల నమోదు 1969 చట్టముతో గాని దేశమంతట ఒక దారికి రాలేదు. కావున, పుట్టిన తేదీ యేది, బాప్తిస్మము ఏ దేవాలయమున జరిగినది, అను ప్రశ్నలతో ఆరంభించు వంశావళి వెబ్‌సైట్లు మనవారిని గుమ్మములోనే నిలువరించును. యూటా రాష్ట్రపు క్రైస్తవ సంఘమొకటి నడుపు ఫ్యామిలీసెర్చ్ అను ఉచిత సంస్థ, 1938 నుండి లోకమంతట తీసిన మైక్రోఫిల్ములను 2021 నాటికి కంప్యూటరు కెక్కించి, హరిద్వారపు పండాల బహీలను, అనగా యాత్రికుల వంశావళుల పుస్తకములను, సైతము అందు చేర్చినది. అయినను మన పెద్దలు విశేషముగా పోయినది కాశికిని గయకును గనుక, అచ్చటి పండాలను స్వయముగా పోయి అడుగవలసినదే.

ఇందొక విచిత్రము కలదు. 1860 నవంబరు 16వ తేదీన ‘ట్రూరో’ అను ఓడ చెన్నపట్టణమునుండి 342 మందితో డర్బను రేవు చేరెను. అది మొదలు 1911 వఱకు నేటాలునకు, ముఖ్యముగా అచ్చటి చెఱకుతోటలకు, ఒడంబడిక కూలీలుగా పోయిన మనదేశీయులు 1,52,184 మంది. వారిలో అధికసంఖ్యాకులు చెన్నరాజధాని ప్రజలు. అందు గంజాము, విశాఖపట్టణము, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాడు జిల్లాల తెలుగువారు వేలకొలది. తోటల యజమానులకు కావలసినది కూలివాని చేతులే గాని వాని వంశచరిత్రము గాదు. అయినను పాఱిపోయినవానిని పట్టుకొనుటకును, ఒడంబడిక గడువు తీరినదా లేదా యని తేల్చుకొనుటకును, మనిషికొక అంకె వేసి, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఒంటిమీది మచ్చలు, పని చేయవలసిన యజమాని పేరు, ఇవన్నియు గుమాస్తాలు ఓడ జాబితాలలో వ్రాసిపెట్టిరి. దాస్యమునకై వ్రాసిన ఆ జాబితాయే నేడు కంప్యూటరు పట్టికయై, డర్బనులోని మునిమనుమరాలికి తన ముత్తాత మోకాలిపై నుండిన గాయపు మచ్చను సైతము చూపించుచున్నది.

ఆ ముత్తాతకు ఊర నిలిచిన అన్న యొకడుండెననుకొందము. సెంటు భూమి లేనివాడు. ఒకరి కమతమున పాలేరై పుట్టి పాలేరై గతించినవాడు. అతడు శిస్తు కట్టలేదు గనుక కరణము లెక్కలో లేడు. దస్తావేజు వ్రాయలేదు గనుక రిజిస్ట్రారు కచేరీలో లేడు. బడికి పోలేదు గనుక బడి పుస్తకములో లేడు. ఓడ నెక్కిన తమ్ముని సంతతి వేల మైళ్ల ఆవల నుండి తమ గ్రామము పేరును తాలూకాతో సహా చెప్పుచుండగా, ఆ గ్రామమందే పుట్టి పెరిగిన అన్న సంతతికి తాతకు తండ్రి యెవరో తెలియదు. మన కుటుంబచరిత్రల అన్వేషణమున అంతర్జాలము చూపు ఈ అసమానతను గుర్తింపక, గూగులులో లేనిది లోకములో లేదని తలచుట అన్యాయమని నా యభిప్రాయము.

మారిషసు తెలుగువారికిని ఇట్టి ఆధారములే కలవు. మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూటున వలస రిజిస్టర్లతోపాటు, 1860 దశకమునకు పిమ్మట వచ్చినవారిలో అనేకుల ఛాయాచిత్రములు సహితము భద్రముగా నున్నవి. ఫిజీకి 1879లో ఆరంభమైన వలసలో చెన్నపట్టణపు ఓడలు చేరినది 1903లో. ఆ ప్రయాణికుల ఎమిగ్రేషను పాసులలో దగ్గఱి బంధువు పేరు వ్రాయుటకును ఒక గడి యుండెను. రంగమునకు, అనగా బర్మాలోని రంగూనునకు, పోయినవారి సంగతి మాత్రము వేఱు. వారు మేస్త్రీల యొద్ద బయానా పుచ్చుకొని డెక్కు టిక్కెట్టుతో పోవుచు వచ్చుచుండినవారు. ఋణబద్ధులయ్యును చట్టము దృష్టిలో స్వతంత్రులగుటచేత, వారిని గూర్చి దొరతనమువారు పేరుపేరున వ్రాసినది స్వల్పము. 1942లో జపాను సేనలకు వెఱచి అడవులబడి నడచి వచ్చినవారు ప్రాణములు దక్కించుకొనిరి గాని కాగితములు దక్కించుకొనలేదు.

ఓడ జాబితాలలో వెదకువారు పేరుకన్న ఊరిని ఎక్కువగా నమ్ముకొనుట మేలు. తెలుగు నోటినుండి వెలువడిన పేరును గుమాస్తా తన చెవికి తోచిన వర్ణక్రమమున వ్రాసినాడు గనుక ఒక్క అప్పలస్వామియే పలు రూపములు దాల్చును. ఇంటిపేరు దాదాపుగా కనబడదు. తండ్రి పేరో, నాయుడు వంటి కులవాచకమో కొడుకులకు ఇంటిపేరై స్థిరపడినది. ఊరిని గూడ నాటి దొరల ఉచ్చారణములోనే ఎఱుగవలెను: చికకోల్ శ్రీకాకుళము, బిమ్లిపటం భీమునిపట్టణము, కొకనాడ కాకినాడ, ఎల్లోర్ ఏలూరు. అంతటితోను తీరదు. శ్రీకాకుళము 1936 వఱకు గంజాము జిల్లాలోనిది. ఒంగోలు 1904 వఱకు నెల్లూరు జిల్లాలోను, పిదప గుంటూరు జిల్లాలోను ఉండి, 1970లో వేఱు జిల్లా యైనది. తెలంగాణమున 2016లోను, ఆంధ్రప్రదేశమున 2022లోను జిల్లాలు మఱల చీలినవి. నేటి జిల్లా పేరుతో నాటి కాగితము దొరకదు. 1869 నాటి కార్మైకేలు విశాఖపట్టణపు మాన్యువలు, 1873 నాటి బాస్వెల్ నెల్లూరు మాన్యువలు వంటి పుస్తకములు ఇంటర్నెట్ ఆర్కైవులో ఉచితముగా లభించుచున్నవి. వానిని ముందుగా తిరుగవేసినవారికి ఈ చిక్కులు చాలవఱకు విడిపోవును.

ఇక ఊర నిలిచినవారి సంతతి ఎక్కడ మొదలిడవలెను? నిస్సంశయముగా ఇంటిలోనున్న వృద్ధస్త్రీ యొద్ద. పురుషుని జ్ఞాపకము తండ్రి, తాత, పొలము అను ఒక్క గీతవెంబడి పోవును. ముసలమ్మ యన్ననో, పుట్టింటివారిని, మెట్టినింటివారిని, తల్లి మేనమామలను, తోడికోడండ్ర పుట్టిండ్లను గూడ ఎఱిగియుండును. రికార్డులలో స్త్రీ కేవలము ఫలానివాని భార్య. ఆమె పుట్టింటి యింటిపేరు అడిగి వ్రాసికొననిచో వంశవృక్షములో సగము కొమ్మలు మొదటనే తెగిపోవును. ఆమె మాటలను సెల్‌ఫోనులో రికార్డు చేయుట, ఏ వెబ్‌సైటునకు చందా కట్టుటకన్నను, ముందు జరుగవలసిన పని. ఆమె తేదీలు చెప్పదు. సంవత్సరము పేరు చెప్పును, లేదా ఒక ఉపద్రవమును చెప్పును. తన అవ్వ ధాత కరువునాటి పిల్ల అనినచో అది 1876-77. తన తాతకు ముందటి తరము డొక్కల కరువును చూచినదనినచో అది 1832-33. బందరు ఉప్పెన యనినచో 1864. సంవత్సర నామములు అరువది యేండ్లకొకమాఱు తిరిగి వచ్చునుగనుక, దుర్ముఖిలో పుట్టినవాడు 1896 నాటివాడో 1956 నాటివాడో అతని పిల్లల వయస్సునుబట్టి నిర్ణయింపవలెను. ట్రంకు పెట్టెల అడుగున పడియున్న పాత శుభలేఖలు, పురోహితుడు ప్రవరతో చెప్పించు మూడు తరముల పేర్లు, తద్దినమునాడు కర్త ఉచ్చరించు తండ్రి తాత ముత్తాతల పేర్లు, ఇవన్నియు ఆధారములే.

వీనిని కంప్యూటరు చెట్టులో ఎక్కించునపుడు మఱియొక చిక్కు. మేనరికములు రెండు మూడు తరములు సాగిన యింట ఒకే తాత రెండు కొమ్మలపై కనబడును. దత్తత పోయినవానికి ఇద్దఱు తండ్రులును, రెండు ఇంటిపేర్లును ఉండును. ఇల్లరికపు అల్లుని పిల్లలు మాతామహుని పొలముతోపాటు కొన్నియెడల ఆయన ఇంటిపేరును గూడ స్వీకరించియుందురు. ఇట్టివి తప్పులని భ్రమించి దిద్దరాదు. జీవించియున్నవారి జన్మతేదీలను, తల్లుల పుట్టింటి పేర్లను బహిరంగముగా పెట్టరాదని వేఱుగ చెప్పనేల. మోసగాండ్రకు అవి ముడిసరకు.

భూమి గలవారికి తరువాతి మెట్టు రెవెన్యూ కాగితము. 1858లో ఏర్పడిన ఇనాం కమిషను తయారుచేయించిన ఇనాం ఫెయిర్ రిజిస్టరు, ఇనాము మొదట ఎవరు ఎవరికిచ్చిరి, నాటి అనుభవదారు పేరేమి, వయస్సెంత, మొదటివానికి ఏమగును అను విషయములను నమోదు చేసినది. అర్చకులు, కరణములు మాత్రమే గాక, గ్రామసేవకై మాన్యములు పొందిన మంగలి, చాకలి, కుమ్మరి కుటుంబములును ఇందు కనబడును. రైత్వారీ గ్రామములకు రీసెటిల్‌మెంటు రిజిస్టర్లు కలవు. జమీందారీ గ్రామములలో చాలవఱకు, 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టము తరువాత గాని ప్రభుత్వపు చేతికి రైతుల పేర్లు సరిగా రాలేదు. తెలంగాణమున సేత్వారు, 1954-55 నాటి ఖాస్రా పహాణి ముఖ్యములు. వానికి పూర్వపు పత్రములు ఉర్దూ, పారశీకములలో, అందును షికస్తా వ్రాతలో ఉండుటచేత, పట్టాదారు మనుమడు తన తాత పేరును తానే చదువలేడు. కోస్తా, సీమల కరణముల గొలుసుకట్టు వ్రాతయు నేటి పట్టభద్రునికి అంతకన్న సులభము గాదు. 1984లో కరణీకము రద్దయినపుడు కచేరీలకు చేరక అటకలమీద మిగిలిన లెక్కలను చెదలు తినుచున్నవి.

భూమి లేనివారికి? ఈ చోట కాగితముకన్న గాయకుడు గొప్పవాడు. మాదిగలకు డక్కలివారు, పద్మశాలీలకు కూనపులివారు, గొల్లలకు మందెచ్చులవారు, రెడ్లు మొదలగు వ్యవసాయ కులములకు పిచ్చుకుంట్లవారు, తరతరములుగా కులపురాణములతోపాటు గోత్రములను, ఇంటిపేర్లను, ఏ కుటుంబము ఏ యూరినుండి వచ్చెనను సంగతులను నోట నిలుపుకొని, త్యాగమను కానుక పుచ్చుకొనుటకు ఏటేట వచ్చుచుండెడివారు. వారు చెప్పునదంతయు సత్యమని నేననను. దాతను ప్రసన్నుని చేసికొనుటకు అతని పూర్వులను రాజుల కొలువులో కూర్చుండబెట్టుట ఈ వృత్తిలో సహజము. నేడు డబ్బు పుచ్చుకొని, కాకతీయ సేనానుల సంతతియని కంప్యూటరు పటము గీసి యిచ్చువారు చేయునదియు అదే, పాట లేకుండ. ఒంగోలు ప్రాంతపు దళిత క్రైస్తవ కుటుంబములకు వేఱొక ద్వారము కలదు: ధాత కరువు వెనువెంట, 1878 జూలై 3వ తేదీన, గుండ్లకమ్మ యొడ్డున ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మ మిచ్చిన క్లౌ దొర కాలమునుండి అచ్చటి అమెరికను బాప్తిస్టు మిషను వ్రాయుచు వచ్చిన కాగితములు. ఊరి సంఘపు రిజిస్టరు మిగిలియున్నచో అదియే మొదట చూడదగినది.

రెండు రాష్ట్రముల ప్రభుత్వములును నేటి పట్టాదారు వివరములను తెఱమీద చూపుటకు వెబ్‌సైట్లు నెలకొల్పినవి. ఆంధ్రప్రదేశమున 1983 నుండి జరిగిన క్రయవిక్రయముల ఈసీలను ఇంటనుండియే చూడవచ్చును. పాత రెవెన్యూ రిజిస్టర్లు మాత్రము కలెక్టరేటు రికార్డు గదులలోను, తార్నాకలోని తెలంగాణ పురాభిలేఖాలయములోను, చెన్నై ఎగ్మోరులోను మూటలై యున్నవి. డెబ్బదియైదేండ్లు దాటినవానిని గ్రామవారీగా స్కాను చేసి ఎల్లరకు చూపవలెను. గొలుసుకట్టును, షికస్తాను చదువగల వృద్ధోద్యోగులు బ్రదికియుండగనే వారిచేత పేర్ల సూచికలు వ్రాయింపవలెను. పాత కాగితములు బయటపడిన భూవివాదములు రేగునని అధికారులందురు. అవసరమున్నవారు నకళ్లు తెచ్చుకొని వ్యాజ్యమాడుచునే యున్నారు. ఆ నకలు పొందు దారి తెలియనివారికే ఈ గోప్యత అడ్డు.

అయితే ఈ స్కానింగు అంతయు భూమి గలవారికే మఱల మేలు చేయును. కనుక మొదటి రూపాయిని రెవెన్యూ మూటలమీద గాక, బోర్డు పాఠశాలల, మిషను పాఠశాలల, 1920 ప్రాంతమునుండి దళితులకై చెన్నరాజధాని లేబరు శాఖ తెఱచిన బడుల అడ్మిషను రిజిస్టర్లమీద వెచ్చింపవలెనని నేను కోరుచున్నాను. పాలేరు మనుమని పేరు, అతని తండ్రి పేరుతో, ఊరి పేరుతో, ఇంచుమించుగా వేసిన పుట్టిన తేదీతో మొట్టమొదట కాగితమెక్కినది ఆ పుస్తకములలోనే. అవి ఏ పురాభిలేఖాలయములోను లేవు. ప్రధానోపాధ్యాయుని గదిలో, పగిలిన తలుపు బీరువాలో, పాత హాజరు పట్టీల క్రింద నున్నవి. బడులు విలీనమై మూతపడునపుడు ముందుగా తూకమునకు పోవునవియు అవే.